రంగు అలికిన బోర్డు

ఎదుటి పార్కు గేటుకి ‘కుక్కలకు ప్రవేశం లేదు’ అని బోర్డు పెట్టించింది తనేనని పక్కింటి అక్కయ్యగారికి తెలుసో లేదో అన్న అనుమానం ఏళ్లుగా ఆయన్ని తొలుస్తూనే ఉంది. ఈ ఉదయం చంకలో గోనెసంచి, చేతిలో కుక్క తాడుతో ఆవిడ గుమ్మంలో నిలబడ్డాడు.

“కుక్కని తిప్పడానికి మంచి పార్కు ఏదైనా ఉందా, అక్కయ్యగారూ? మీకైతే తెలిసుంటుందని...”

“ఈ బొచ్చుకుక్క ఎవరిది?”

“మా అమ్మాయిది. కొత్తగా దిగిన ఇంట్లో కుక్కల్ని రానివ్వరట.”

“రానివ్వరా? అయ్యో పాపం.”

“అదే... పార్కు...”

“కాలవ గట్టు పార్కుంది. నీడ బాగుంటుంది గానీ కంచె లేదు. తాడు వదిలావో, బాతుల వెనక దానితో పాటు నువ్వూ ఈదాలి.”

“నాకు ఈత రాదండీ.”

“అయితే నీళ్ల ట్యాంకు వెనక మైదానం. కంచె ఉంది, కుళాయి ఉంది, పరిగెత్తినంత చోటు. కాస్త దూరం. మా కుక్క బతికున్నప్పుడు వాణ్ణి అక్కడికే తీసుకెళ్లేదాన్ని.”

“ఎత్తుకుని...”

“ఏమిటీ?”

“ఏం లేదు.”

“ఎత్తుకునే. చివర్లో వెనక్కాళ్లు పడిపోయాయిగా. నీకెలా తెలుసు?”

“మా బాల్కనీలోంచి... కనిపించేది.”

“కనిపించేదా. సరే, అంత దూరాలెందుకు? ఎదుటి పార్కుకి ఏమొచ్చింది? మెత్తటి గడ్డి.”

“అక్కడ బోర్డు...”

“మొన్నటినుంచి లేదుగా. మేకుల కన్నాలే ఉన్నాయి.”

“కమిటీని ఒప్పించి నేనే విప్పించాను.”

“మరింకేం? వెళ్లు.”

“కాళ్లు రావట్లేదు అక్కయ్యగారూ. మీ వాణ్ణి రానివ్వని చోటికి మా దాన్ని ఏ మొహంతో తీసుకెళ్లను? ఆ బోర్డు... అది పెట్టించింది...”

“నువ్వే.”

“తెలుసా!”

“మొదటిరోజే తెలుసు.”

“అయినా ఒక్క మాట అనలేదు! దేవుడి ముందు కూర్చుంటే కళ్లు మూసుకోలేకపోతున్నాను. మీ వాడే కనిపిస్తాడు.”

“వాడు నిన్ను కరవలేదుగా. ఆ సంచిలో ఏముంది?”

“ఆ బోర్డే. మీ ఎదురుగానే విరిచి పారేద్దామని. మొదటినుంచీ దరిద్రపు బోర్డు. మూలంతా రంగు అలికి...”

“విరవకు!”

“అక్కయ్యగారూ...”

“బోర్డు రాయించమని పార్కు కాపలా అతనికి చెప్పావు. ఎవరిచేత రాయించాడో ఏనాడైనా అడిగావా? బోర్డులు రాసే మా ఆయన ఈ వరండాలోనే కూర్చుని రాశారు. వచ్చిన పని కాదనలేక. ఇటివ్వు. ఆయనా, వాడూ పోయాక కూడా రోజూ ఆ గేటు ముందు ఎందుకు నిలబడేదాన్ననుకున్నావు? ఇద్దరి గుర్తులూ కలిసి ఉన్నది దీని మీదే.”

“ఇద్దరివీనా?”

“ఆ అలుకుడు చూడు. రంగు ఆరకముందే వాడొచ్చి తోక ఊపాడు.”