దిండు వైద్యం

దిండు కొట్టమన్నది మీరే కదండీ! కొట్టాను. పొద్దున లేచి కొట్టాను, పనినుంచి వచ్చి కొట్టాను. ఏం ఒరిగింది చెప్పండి? మా ఆవిడ చెంప వాచిపోయి బయట బెంచీ మీద కూర్చుంది. లోపలికొస్తూ మీరూ చూసే ఉంటారు.

అబ్బే, మీ మీద అరవట్లేదు డాక్టరుగారూ. నా గొంతే అంత.

కోపం కుక్కర్ లాంటిది, ఆవిరి బయటికి పోకపోతే పేలుతుంది అన్నారు. చదువుకున్నవాళ్ళు చెప్పారు కదా అని తలూపాను. తీరా చూస్తే ఆవిరి తగ్గిందేం లేదు, చేతికి అలవాటైంది. కోపం రావడమే ఆలస్యం, చెయ్యి దానంతటదే లేస్తోంది. మొదట్లో దిండు దిండులాగే కనిపించేది. తర్వాత దానికి మా ఓనరు మొహం పెట్టుకున్నాను. ఆ తర్వాత ఎవరి మొహం పడితే వాళ్ళది.

నిన్న సాయంత్రం మా పాప వచ్చి ఆ దిండు లాక్కోబోయింది. దానిదేనండీ అది. నాది మరీ గట్టిగా ఉంటుందని తీసుకున్నాను. "నాన్నా, దానికి నొప్పెడుతుంది, ఇచ్చెయ్" అంది. చెయ్యి లేచింది. మా ఆవిడ అడ్డం వచ్చింది కాబట్టి సరిపోయింది.

అప్పటికప్పుడు పాపను తీసుకెళ్ళి తన అక్క ఇంట్లో దింపింది. ఈ మనిషితో ఒకే ఇంట్లో ఉండొచ్చా అని మిమ్మల్ని అడగడానికే ఇవాళ వచ్చింది. మీరు ఊఁ అంటే పాపను తెచ్చుకుంటుంది. ఉహూఁ అంటే ఇక అంతే సంగతులు.

ఆఁ, మళ్ళీ నా చిన్నతనమా? మా నాన్న చీమకి కూడా అపకారం చెయ్యని మనిషండీ. అమ్మ కసిరితే గోడవైపు తిరిగి పడుకునేవాడు. ఆయన నన్ను చావగొట్టాడని చెప్పుకునే వీలుంటే నాకూ హాయిగానే ఉండేది. కుదరదే!

మా తమ్ముడేమో టీవీ వల్ల అంటాడు. వదినేమో రక్తంలోనే ఉందంటుంది. మీరేమో పనిలో పడ్డ మాటలు ఇంటికి మోసుకొస్తున్నావంటారు. అత్త మీద కోపం దుత్త మీద అని మా అమ్మమ్మ ఏనాడో చెప్పింది, దానికి మీదాకా రావాలా? నవ్వకండి.

ఒళ్ళు తెలియని కోపం అంటారా? అక్కడే నాకు నిన్నట్నుంచీ మనసు మనసులో లేదు.

నేను అద్దాలు బిగించేవాణ్ణి కదా. నిన్న ఒక షాపులో నిలువెత్తు అద్దం ఇద్దరం చెరోపక్కా పట్టుకుని మోస్తున్నాం. కొలత తప్పింది. ఆ కొలత ఇచ్చింది మా ఓనరే. అయినా అందరి ముందూ నన్నే పశువన్నాడు. నా చెయ్యి పిసరంతైనా వణకలేదు. అద్దాన్ని మెల్లగా గోడకి ఆనించి, సరేనండీ అన్నాను. అప్పుడెక్కడికి పోయిందండీ, ఒళ్ళు తెలియని కోపం?

ఇంటికెళ్తుంటే ఒకడు నా బండికి గుద్దాడు. తిడదామని దిగాను. నాకంటే జానెడు పొడుగున్నాడు. పర్లేదు బ్రదర్ అని చెప్పి ఎక్కేశాను.

కోపం గుడ్డిదంటారు. నాదానికి కళ్ళు భేషుగ్గా ఉన్నాయి. ఎవరు తిరిగి కొడతారో, ఎవరు కొట్టరో ముందే చూసుకుంటుంది. చెయ్యి దానంతటదే లేచిందని ఇందాక మీకు చెప్పింది అబద్ధం. పాప ఏడవగలదే తప్ప ఇంకేమీ చెయ్యలేదని నాకు తెలుసు. తెలిసే ఎత్తాను.

నా తరఫున రెండు మంచిమాటలు చెప్పమని మిమ్మల్ని బతిమాలదామనే వచ్చాను. ఇప్పుడు వద్దంటున్నాను. ఆవిణ్ణి పిలవండి, ఊఁ మాత్రం అనకండి. పాప అక్కడే ఉండనీ. ఆ ఇంట్లో మా తోడల్లుడు ఉంటాడు, వస్తాదులాంటి మనిషి. ఆయన ఎదురుగా ఉంటే నాకసలు కోపమే రాదు.