కంచు కాగు మూడో కాలు

హలో… ఆ, నేనే, ఎనిడ్‌ని… టీ తాగుతున్నావా? తాగు, తాగు. గొంతు దిగుతోందన్నమాట నీకు.

ఏమైందా? మ్యూజియం నుంచే వస్తున్నా. మన మూడు కాళ్ల పాత కంచు కాగుది, ఆ మూడో కాలు చూపించడానికి వెళ్లాను కదా… ఆ, ఫిలిప్పాయే. పొలాల్లో దొరికిన పాత వస్తువులన్నీ ఎక్కడ దొరికాయో రాసుకునే పిల్ల.

…నవ్వకు, సిరిల్. నవ్వకు, చెప్తున్నా.

పగుల్లోంచి సూదితో మట్టి గీకింది. తెల్లగా రాలింది. సుద్ద!… థర్కిల్ గారి దుంపల పొలంలో సుద్ద ఎక్కడిదయ్యా? పదకొండేళ్లుగా ఆ బంకమట్టి నా బూట్లని వదల్లేదు…

సున్నం చల్లాడా? ఆరువందల ఏళ్ల నాటి పగుల్లోకి దూరేలా చల్లాడా?…

ఏంటీ?… మళ్లీ చెప్పు…

కొన్నావా? ఆన్‌లైన్‌లో?…

ఛీ! ఛీ, సిరిల్!… కొని, జానెడు లోతున పాతిపెట్టి, "ఎనిడ్, ఇవాళ కంచె పక్కన చూడు" అని నన్ను పంపావా? లోహాలు వెతికే నా మిషన్ మోగుతుంటే నువ్వు దూరంగా నిలబడి శాండ్‌విచ్ తింటున్నావు. నేను బురదలో కూలబడి ఏడ్చాను. నిన్ను వాటేసుకున్నాను! తలుచుకుంటే ఒంటి మీద జెర్రులు పాకినట్టుంది.

…నా కోసమా? వచ్చే నెల నా మోకాలి ఆపరేషన్ అని… ఇక వంగి తవ్వలేనని… ఆహా, ఎంత దయ! మోకాల్లో లోహం పెట్టాక మిషన్ నన్ను చూసే మోగుతుందని నేనే జోకేశానుగా. కాలు కొనిపెట్టమని అడిగానా నిన్ను?

రెండు కాళ్లే దొరికితే రెండు కాళ్లే. కుంటి కాగే నా కాగు. ఎక్కడ దొరికిందో నిజం చెప్పకపోతే అది ఉత్త తుక్కు. ఆ మాట నాకు నేర్పింది నువ్వే, మహానుభావా…

ఎవరికీ తెలీదా? ఫిలిప్పాకి తెలిసిపోయింది. ఏమడిగిందో తెలుసా? "మిగతా రెండు కాళ్లూ ఎవరికి దొరికాయి?" అని…

ఆ. మొదటిది నీకు. రెండోది నాకు… నువ్వు చూడమన్న చోట.

…సిరిల్, అవి నిజంగా అక్కడే దొరికాయా?

ఒట్టా?… మీ అమ్మ మీద ఒట్టా?…

నమ్మాలనే ఉంది. ఎంత కూడదీసుకున్నా నమ్మకం రావట్లేదు. అదే నా ఏడుపు…

ఫిలిప్పాతో ఇంకేం రాయిస్తాను? మూడింటికీ ఒకటే. 'దొరికిన చోటు తెలియదు.'… అవును, నా చేత్తో తవ్వినదానికి కూడా.

…ఆదివారం పొలానికా? రాను.

మోకాలు కాదు. మోకాలు బాగానే ఉంది… పెట్టేస్తున్నా.