గిన్నెల మిషన్ నోరు మూయించిన మా మరిది

అది ఆదివారం, సాయంత్రం అయిదుంబావు. మా మరిది వాళ్ల మూడో అంతస్తు బాల్కనీలో టీలు తాగడం అప్పుడే అయింది. ఖాళీ కప్పులు కుర్చీల కిందే ఉన్నాయి. మా వారూ నేనూ ఆ మధ్యాహ్నమే ఊరి నుంచి దిగాం. మా అత్తగారు గోడవారగా కుర్చీలో కళ్లు మూసుకుని ఉన్నారు. కింది వాటా టైలరు కబుర్ల కోసం పైకొచ్చాడు. మా తోడికోడలు గుమ్మానికి ఆనుకుని, స్వెటర్ చేతులు వేళ్ల చివరిదాకా లాక్కుని కూర్చుంది. మా మరిది ఒక్కడే నిలబడి ఉన్నాడు. కథ చెప్పేటప్పుడు అతను కూర్చోడు.

మా మరిది చెప్పుల షాపులో పని చేస్తాడు. "రెండు రోజులు తొడిగితే అదే సాగుతుందండీ" అని రోజంతా చెప్పి చెప్పి, ఏ మాటనైనా సాగదీయడం అతనికి అలవాటైపోయింది.

ముందు ఆ మిషన్ ఎందుకొచ్చిందో చెప్పాలి. మా తోడికోడలి చేతులకు సబ్బు నీళ్లు పడవు. వేళ్ల సందుల్లో చర్మం పగిలి నెత్తురొచ్చేది. ఆరు నెలలు సబ్బు నీళ్లలో చెయ్యి పెట్టకూడదని, పెడితే ఆ పుళ్లు ఇక మానవని డాక్టరు గట్టిగా చెబితే, మా మరిదే గిన్నెలు కడిగే మిషన్ కొనుక్కొచ్చాడు. ఆ పుణ్యం అతనిదే, కాదనను. నెల తిరక్కుండా అది చప్పుడు మొదలుపెట్టింది.

"అలాంటిలాంటి చప్పుడా వదినా! టక్, టక్, టక్, టక్. లోపలెవరో ఇరుక్కుని తలుపు తీయండి బాబూ అని కొడుతున్నట్టు! కావాలంటే టైలరుగారినడగండి."

"నిజమేనమ్మా," అన్నాడు టైలరు. "నేను గుడ్డ మీద సుద్దతో గీత గీస్తుంటానా, పైన టక్కుమనేది, ఇక్కడ గీత వంకరపోయేది."

"విన్నారా? ఈయన కుట్టిన ప్యాంటుకి ఒక కాలు పొడుగొచ్చిందంటే తప్పు ఈయనది కాదు, మా మిషన్‌ది!"

"పోయినేడాది నాకు కుట్టింది కూడా అంతేగా," అన్నారు మా వారు. "అప్పటికి మిషన్ కొన్లేదే."

"అన్నయ్యా, మధ్యలో రాకు. సరే, కంపెనీకి ఫోన్ చేశాను. ఏమన్నాడో తెలుసా? వారం తర్వాత మనిషిని పంపిస్తాడట. వారం! అమ్మేటప్పుడు గంటలో గుమ్మం ముందు దింపినవాడికి, చప్పుడొస్తే వారం కావాలా? నేనూ వ్యాపారంలోనే ఉన్నాను. చెప్పు తెగి వచ్చినవాణ్ణి వారం ఆగమంటానా? వారం రోజులు ఒంటికాలి మీద నిలబడతాడా వాడు? చెప్పండి వదినా, ఇదేమన్నా న్యాయమా?"

న్యాయం కాదన్నాను. నిజంగానే కాదు మరి.

"ఇంట్లోవాళ్లయినా నన్ను నమ్మారా? మీ చెల్లెలు, అదే మా ఆవిడ, ఏమంది? 'లోపల గరిటె కాడ తగులుతోందేమోనండీ' అంది. గరిటె! ఆ మిషన్లో నీళ్లు చిమ్ముతూ గిరగిరా తిరిగే రెక్క ఒకటుంటుందిలే, అది బుట్టలోంచి కిందికి జారిన గరిటె కాడని కొడుతోందట. గరిటెని తిప్పి పెడితే సరిపోతుందట! ఇంటిని ఇంటిగా ఊపేస్తున్న చప్పుడు గరిటెదా? నన్ను చూస్తే గరిటెలు తిప్పుకుంటూ కూర్చునే మనిషిలా ఉన్నానా?"

"తిప్పి చూశావా మరి?" అన్నారు మా వారు.

"ఎందుకు తిప్పాలి? అవమానం కాదూ నాకు? ఒక స్టీలు గ్లాసు తీసుకున్నాను. మిషన్‌కి ఆనించి చెవి పెట్టాను, డాక్టరు గుండెకి పెట్టినట్టు. నాకు చిన్నప్పటి నుంచీ చెవి పదును, అమ్మనడగండి. ఒక్క నిమిషం విన్నాను. రోగం ఎక్కడుందో దొరికిపోయింది."

అత్తగారు కళ్లు తెరవలేదు.

"ఆ తర్వాత ఏమైందో తెలుసా? ఒకసారి దాని గొంతు పట్టానా, ఇక అది నన్ను వదల్లేదు. మర్నాడు షాపులో ఒకావిడ కాలికి చెప్పు తొడుగుతున్నాను. షాపుకీ ఇంటికీ మధ్య రెండు బజార్లు, ఒక రైలు గేటు. ఆ రద్దీలో, ఆ హారన్లలో వినిపించింది నాకు. టక్!"

"రైలేమో గురువుగారూ," అన్నాడు టైలరు.

"రైలా! నా ఇంటి మిషన్‌కీ ఊళ్లోవాళ్ల రైలుకీ తేడా తెలీదా నాకు? ఆవిణ్ణి ఒంటి చెప్పుతోనే వదిలేసి పరుగెత్తుకొచ్చాను. వచ్చి చూద్దును కదా, స్క్రూడ్రైవరు లేదు. అరువిచ్చాను ఎవడికో, వాడు తేలేదు. అలాంటి లోకం ఇది. అయినా జంకానా? వెన్న రాసుకునే కత్తి ఒకటి, మీ చెల్లెలి తలపిన్ను ఒకటి. ఆ రెంటితోనే విప్పడం మొదలుపెట్టాను. విప్పుతున్నాను, విప్పుతున్నాను, అది తరగదే! వంటింట్లో పరిచిన సామాను హాల్లోకొచ్చింది, హాల్లోంచి మెట్ల మీదికి పోయింది, మెట్లన్నీ దిగి రోడ్డు మీద పడింది. బస్సు ఆగిపోయింది అన్నయ్యా! డ్రైవరు దిగి, ఎవరిదయ్యా ఈ సామానంటూ నా మీదికొస్తాడా! 'నాది. తొక్కావంటే చూడు' అన్నాను. అంతే. బస్సులో జనమంతా దిగి, చెప్పులు చేత్తో పట్టుకుని, వేలి కొసల మీద నడిచి అవతలికెళ్లారు. ఒక్కడు ఒక్క స్క్రూని తొక్కితే ఒట్టు!"

"మెట్లు నా గుమ్మం ముందు నుంచేగా దిగేది?" టైలరు తల గోక్కున్నాడు. "నాకు కనబడలేదే."

"మీరు సూదిలో దారం ఎక్కిస్తున్నారు. మీకేం కనబడుతుంది? సరే, ఆ తర్వాత ఏమైందో తెలుసా? మొత్తం ఊడదీశానో లేదో, టప్పున కరెంటు పోయింది. బయట ఆకాశం చిల్లు పడ్డట్టు వాన, ఇంట్లో చీకటి. కరెంటాఫీసుకి ఫోన్ చేస్తే ఎత్తేవాడు లేడు. ఇంకొకడైతే నెత్తిన చెయ్యి పెట్టుకుని కూలబడేవాడు. నేను ఆ చీకట్లోనే, వేళ్లతో తడుముకుంటూ, ఏది ఎక్కడిదో దాన్నే అడిగి అక్కడ పెట్టుకుంటూ వచ్చాను. కరెంటొచ్చేసరికి మిషన్ పెళ్లికూతురిలా నిలబడి ఉంది. చేతిలో మూడు స్క్రూలు మిగిలాయి."

"మిగిలాయా?" అన్నారు మా వారు.

"మిగలాలి! ఆ మూడూ దొంగ స్క్రూలు! ఏడాది తిరక్కుండా పాడవ్వాలని కంపెనీవాడు కావాలని దూర్చినవి. ఎంత మోసమో చూడండి. ఇన్ని లక్షల ఇళ్లలో ఇన్ని మిషన్లున్నాయే, ఒక్కడికైనా తోచిందా తీసి పారేయాలని?"

మా మరిది అంత ఆవేశపడుతుంటే టైలరు కూడా "అన్యాయం అన్యాయం" అన్నాడు. మా తోడికోడలు తల వంచుకుని గచ్చు వైపు చూస్తోంది.

"బటన్ నొక్కాను. చప్పుడు లేదు! ఇసుమంత లేదు! అంత పని చేస్తే మీ చెల్లెలేమనాలి? 'నడవట్లేదేమోనండీ' అంది. నడవట్లేదట! నడుస్తున్నట్టు తెలీకపోవడమే కదా పనితనమంటే? నీ గుండె కొట్టుకోవడం నీకు వినబడుతోందా? ఆగిపోయిందా మరి? పొద్దున లేచి చూడండి, గిన్నెలు అద్దాల్లా బోర్లించి ఉన్నాయి. ఆ రోజు నుంచి ఏ పూటా ఒక్క మరక లేదు. మిషన్ నడవకపోతే ఎవరు కడుగుతున్నారమ్మా వాటిని? చెప్పు!"

నేను మా తోడికోడలి స్వెటర్ వైపు చూశాను. అంత ఉక్కపోతలో స్వెటరేమిటా అని అప్పటికి నాకు తోచింది. దేవుడా, నేననుకున్నది కాకుండా ఉంటే బాగుండునని మనసులోనే దండం పెట్టుకున్నాను. వాళ్లిల్లు, వాళ్ల కాపురం, ఎలా అడగను?

"ఇక ఆ నిశ్శబ్దం సంగతి వినండి. దాన్ని చూసి ఫ్రిజ్ సిగ్గుపడి గుర్రుమనడం మానేసింది. గోడ గడియారం ముల్లు మునివేళ్ల మీద నడుస్తోంది. వీధిలో కుక్కలు మా ఇంటి ముందుకొచ్చేసరికి మొరుగుడు ఆపి, తోకాడించి, పక్క వీధికి పోయి మొరుగుతున్నాయి. మొన్న మా ఇంటి మీద నుంచి విమానం వెళ్లిందా, పైలటు ఇల్లు దాటేదాకా ఇంజనాపేశాడు!"

"పడిపోలేదూ?" అన్నారు మా వారు.

"పడితే చప్పుడవుతుందని అదే పడలేదన్నయ్యా! ఆ తర్వాత ఏమైందో తెలుసా? కంపెనీ ఓనరే వచ్చాడు. వెనక పాతికమంది ఇంజనీర్లు. ఒక్కొక్కడూ వచ్చి మిషన్‌కి చెవి ఆనించడం, కళ్లు తుడుచుకుంటూ అవతలికి పోవడం. ఓనరు నా రెండు చేతులూ పట్టుకుని, మా ఫ్యాక్టరీలో ప్రతి మిషనూ మీరొకసారి వినిపెట్టాలి, మాతో రండి మహానుభావా అన్నాడు. నేనేమన్నానో తెలుసా? వారం తర్వాత రమ్మన్నాను!"

దీనికి టైలరు పడీ పడీ నవ్వాడు. మా వారికీ నవ్వాగలేదు. ఆ స్వెటర్ కంటపడకపోతే నేనూ నవ్వి ఉండేదాన్నే. ఆ నవ్వులు చూసి మా మరిది ఇంకో మెట్టెక్కాడు.

"అందుకే ఒక పని చేశాను. వచ్చే ఆదివారం మా షాపువాళ్లందరినీ భోజనానికి పిలిచేశాను. పెళ్లాం పిల్లలతో సహా, నలభై మంది. మొన్న వాళ్లింట్లో కాగితం ప్లేట్లలో పెట్టాడు మా షాపు క్యాషియరు, చూస్తే నాకు ఒళ్లు మండింది. మనింట్లో అలా కాదు. అందరికీ పింగాణీ కంచాలు, కంచానికి రెండు గిన్నెలు, మళ్లీ గ్లాసులు. మనకేంటి? బటన్ నొక్కడమే!"

"నలభై మందా?" అంది మా తోడికోడలు. ఆ సాయంత్రం ఆమె మాట్లాడడం అదే మొదలు.

"నలభై అంటే భయమెందుకు? ఇప్పుడే చూపిస్తాను, మీరంతా చూస్తుండగా!" అంటూ వంగి కుర్చీల కింద కప్పులన్నీ ఏరి, వంటింటి వైపు కదిలాడు. "రండి, రండి, నిశ్శబ్దమంటే ఏమిటో విందురుగాని."

"ఒరేయ్ చిన్నోడా," అన్నారు మా అత్తగారు, కళ్లు తెరిచి. "ఆ బటన్ నొక్కకు. అందులో నా ఉల్లిపాయలున్నాయి."

అతను కప్పులతో గుమ్మంలోనే నిలబడిపోయాడు. "ఏమున్నాయి?"

"పై బుట్టలో ఉల్లిపాయలు. కింది బుట్టలో బంగాళాదుంపలు. చీకటిగా, పొడిగా ఉంటుంది కదా, ఒక్కటి కూడా మొలకెత్తట్లేదు. ఆ మేరకి బాగానే చేశావురా. నువ్వు విప్పిన రోజు నుంచి అది కదిలితే ఒట్టు."

టైలరుకి నవ్వొచ్చింది కానీ నవ్వలేదు.

"మరి గిన్నెలు?" అన్నాడు మా మరిది.

అత్తగారు కుర్చీలోంచి లేచారు. మెల్లిగా గుమ్మం దగ్గరికి నడిచి, కోడలి మణికట్టు పట్టుకుని స్వెటర్ చెయ్యి మోచేతిదాకా తోశారు. పాత గుడ్డ పీలికలు వేలి వేలికీ చుట్టి ఉన్నాయి. పీలికల మీద నెత్తుటి మరకలు. అరచేతిలో చర్మం ఎండిన మట్టిలా బీటలిచ్చి ఉంది.

"ఇదిగో నీ మిషన్," అన్నారు. "నువ్వు షాపుకెళ్లాక కడుగుతుంది, నువ్వు పడుకున్నాక కడుగుతుంది. నీకు చెప్పొద్దని నా చేత ఒట్టేయించుకుంది. నలభై మందన్నాక ఇంకేం ఒట్టు?"

నేను గొంతు పెంచే మనిషిని కాను. ఆ క్షణాన మాత్రం నాకు ఎవరి మీద కోపమొస్తోందో నాకే తెలియనంత కోపమొచ్చింది. అతని మీదా, ఇంతసేపూ నవ్విన మా మీదా. ఆ కోపంలో, అనకూడని మనిషినే అన్నాను.

"ఒక్క మాట చెప్పి ఉండొచ్చు కదా తల్లీ!"

"చెప్పానక్కా," అంది మా తోడికోడలు. "గరిటేమో అన్నాను. నడవట్లేదేమో అన్నాను. నేనన్నదీ ఆయన విన్నదీ ఇందాక ఆయనే చెప్పారుగా, మీరంతా నవ్వారుగా."

టైలరు లేచి, చెప్పులు వేసుకోవడం కూడా మరిచిపోయి కిందికి దిగిపోయాడు. మా మరిది నోరు తెరిచాడు. "అసలా మూడు స్క్రూలు..." అని మొదలుపెట్టాడు. తల్లి ముఖం చూసి ఆపేశాడు. కప్పులు తీసుకెళ్లి సింకులో పెట్టాడు.

సోమవారం పొద్దున, నేను దేవుడికి దండం పెట్టుకుని వచ్చేసరికి ఇల్లంతా లేచే ఉంది. మా వారు మిషన్‌లోంచి ఉల్లిపాయలూ దుంపలూ తీసి బుట్టలకెత్తారు. రిపేరుకి ఫోన్ చేస్తే, విప్పేసిన మిషనంటే చూస్తేగాని ఏమీ చెప్పలేమన్నారు. భోజనాలు లేవని నలభై మందికీ మా మరిదే ఒక్కొక్కరికీ ఫోన్ చేశాడు. ఎందుకు లేవో మా అత్తగారు పక్కన నిలబడి ఉన్నదున్నట్టు చెప్పించారు. ఒక్కో ఫోనుకీ అతని గొంతు ఇంకాస్త తగ్గింది.

తర్వాత చొక్కా చేతులు మడిచి సింకు దగ్గర నిలబడ్డాడు. రాత్రి గిన్నెలన్నీ అలాగే ఉన్నాయి. నేను మా తోడికోడల్ని ఎదురుగా కుర్చీలో కూర్చోబెట్టి, పీలికలు విప్పి, వేళ్లకు మందు రాస్తున్నాను. నాలుగు గ్లాసులు కడిగాడో లేదో, అతని వీపు కాస్త నిటారయింది.

"వదినా, గిన్నెలు తోమడంలో ఒక కిటుకుంది, చాలామందికి తెలీదు. అసలు పీచుని పట్టుకోవడంలోనే..."

"కబుర్లు తర్వాత," అంది మా తోడికోడలు, చేతులు నా ఒళ్లో అలాగే ఉంచి. "ముందు ఆ అడుగంటిన గిన్నె తోమండి."

అతను తోమాడు.