మెట్ల కిందికి దిగివచ్చిన బల్ల

1991 జూన్ మూడవ తేదీ సోమవారం ఉదయం పది గంటలకు రవాణా కార్యాలయంలో గుమాస్తాగా అడుగుపెట్టిన మన సూపరింటెండెంటు గారు, చిన్నాపెద్దా అందరికీ ‘అక్కగారు’, ముప్పైమూడేళ్ల సేవానంతరం నేడు పదవీ విరమణ చేస్తున్నారు. ఆరేళ్లు లైసెన్సులు, పిదప తొమ్మిదేళ్లు రిజిస్ట్రేషన్లు చూశారు. వారి చేతిరాత ఎంత గుండ్రమో, నియమపాలన అంత నిలువు.

2006లో వారిని రెండో అంతస్తులోని పర్మిట్ల విభాగానికి బదిలీ చేశారు. నడవలేనివారు తమ వాహనాన్ని తాము వెళ్లే చోటి గుమ్మం దగ్గరే నిలుపుకొనేందుకు అనుమతి చీటీ ఇచ్చేది అక్కడే. లిఫ్టు లేదు. దరఖాస్తుదారు స్వయంగా హాజరై సంతకం చేయాలన్నది నియమం; హాజరైనవారిని చూసి ‘రెండంతస్తులు ఎక్కగలిగెను, కావున అనర్హుడు’ అని రాయడం విభాగపు ఆచారం. పైకి రాకపోతే దరఖాస్తు లేదు, వస్తే వైకల్యం లేదు.

ఒకనాడు మధ్యాహ్నం మూడున్నరకు గడియారాలు బాగుచేసే ఒకాయన వచ్చారు. మోకాలి కింద పెట్టుడు కాలు. దూరంగా బండి ఆపి దుకాణందాకా నడవడంవల్ల పుండు పడుతోందని, మళ్లీ పడితే మోకాలూ తీసేయవలసి వస్తుందని డాక్టరు రాసిచ్చారు. అక్కగారు ఆ కాగితం చదివారు, మనిషిని చూశారు, అలవాటైన వాక్యమే రాసి సంతకం చేశారు. ఆయన నమస్కరించి వెళ్లిపోయారు.

ఐదింటికి ఇంటికి బయలుదేరిన అక్కగారికి మొదటి అంతస్తు మలుపులో ఆయనే కనిపించారు. పెట్టుడు కాలు పక్కన పెట్టి, రక్తమంటిన కట్టు మార్చుకుంటున్నారు.

“ఇంకా ఇక్కడే ఉన్నారేంటండీ?”

“ఎక్కేటప్పుడు మీరు చూస్తారని గబగబా ఎక్కేశానమ్మా. దిగేటప్పుడు చూసేవాళ్లెవరున్నారు? నిదానంగా దిగుతున్నా.”

అక్కగారు వెనక్కి వెళ్లి ఫైలు తెచ్చి, ఆయన పక్కనే మెట్టుమీద కూర్చుని, తాము రాసిన వాక్యాన్ని తామే కొట్టివేసి, కింద రాశారు: ‘దిగుట చూచితిని. అర్హుడు.’

మర్నాడు అధికారి పిలిపించారు. మెట్ల మీద సంతకాలేమిటని, ఆఫీసుకో మర్యాద ఉండొద్దా అని నిలదీశారు.

“మన మర్యాద రెండంతస్తుల ఎత్తున ఉంది సార్. అందుకే జనానికి అందట్లేదు.”

ఆ జవాబుకు మెమో వచ్చింది, ప్రమోషను రెండేళ్లు పోయింది. గడియారాలాయనకు చీటీ వచ్చింది. మోకాలు నేటికీ ఆయన దగ్గరే ఉంది. ఆ వారంలోనే అక్కగారు తమ బల్లను మెట్ల కిందికి దింపించారు. నియమం చెక్కుచెదరలేదు, దరఖాస్తుదారు ఎవరి ఎదుట హాజరు కావాలో వారే ఎదురువెళ్లి కూర్చున్నారు, అంతే. లేచి నిలబడితే తల తగిలే ఆ చోట పద్దెనిమిదేళ్లు తల వంచకుండా పనిచేశారు. ఆ బల్ల ఇకమీదట అక్కడే ఉంటుందని నిన్ననే ఉత్తర్వు వెలువడింది.

ఇకనుంచి ఇంట్లో బావగారి దరఖాస్తులు నేరుగా అక్కగారి పరిశీలనకు వస్తాయి. వారికి మా సానుభూతి. వేల పర్మిట్ల మీద గడువు తేదీ వేసిన అక్కగారి చేతికి ఒక్క విన్నపం: తమ ఆయుష్షు కాగితం మీద ఆ గడి ఖాళీగా వదిలేసి, బావగారితో, పిల్లలతో కలకాలం ఆరోగ్యంగా ఉండండి.