సాంచెల షెడ్డులో నేర్చుకున్న మాట

ఈ సభను నడిపిస్తున్న ప్రధానోపాధ్యాయురాలు మమతారాణి గారికి, నా చేతి నుంచి మన సంఘ బాధ్యత తీసుకుంటున్న యువ పాస్టరు రంజిత్ గారికి, సంఘ పెద్దలకు, ఎండలో నిలబడి కూడా నీడను ముసలివాళ్లకు వదిలిన అక్కచెల్లెళ్లకు, చర్చికి రాకపోయినా ఈరోజు సాంచెలు ఆపుకొని వచ్చిన నేత సోదరులకు, అందరికీ వందనం.

ముప్పై ఒక్క ఏళ్లలో ఈ సిరిసిల్లలో నేను చెప్పిన ప్రసంగాలు మీరు ఓపికగా విన్నారు. కొందరు నిద్రపోతూ విన్నారు, వెనక బెంచీ తమ్ముడూ, నిన్నే అనడం లేదు, నువ్వు తల దించుకోకు. (నవ్వులు) ఈరోజు నేను కొత్తగా చెప్పేదేమీ లేదు. కానీ ఇన్నేళ్లు నేను చెప్పిన ముఖ్యమైన మాటను, అంటే దేవుడు మన మీది ప్రేమతో మనిషై పుట్టాడన్న మాటను, నాకు ఎవరు నేర్పారో చెప్పకుండా ఈ కుర్చీ దిగితే తప్పవుతుంది. నేర్పిన మనిషి అదిగో, మూడో వరుసలో, తెల్ల తువ్వాలు వేసుకొని కూర్చున్నాడు. పేరు ముత్యం. ఈ కథ చెప్పడానికి ఆయన దగ్గరా, ఆయన భార్య యాదవ్వ దగ్గరా అనుమతి తీసుకున్నాను.

పన్నెండేళ్ల కిందటి మాట. ముత్యం ఇరవై ఎనిమిదేళ్లు మరమగ్గాలు, మీరు సాంచెలనే ఆ మగ్గాలు, నడిపాడు. ఆ చప్పుడుకు మెల్లమెల్లగా చెవులు పోయాయి. మగ్గం చప్పుడు కాస్త మారితే చాలు, ఏదో పాడవుతోందని నేతగాడికి తెలిసిపోతుంది. ముత్యానికి తెలియలేదు. ఒకరోజు తాను మరో మగ్గం చూసుకుంటుంటే వెనక మగ్గం మీద బట్టంతా పాడైంది. ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయనే సిగ్గుపడి ఇంటికి వెళ్లిపోయాడు, మళ్లీ షెడ్డుకు రాలేదు.

అప్పుడు యాదవ్వ మన చర్చి గేటు దగ్గరికి వచ్చి నిలబడింది. "మీ దేవుడు చెవులు ఇస్తడంట గద అయ్యగారూ, మా ఆయనకు జర అడుగుండ్రి" అంది. నేను వెళ్లాను. చెవి దగ్గర నోరు పెట్టి, వాడకంతా వినబడేలా ప్రార్థన చేశాను. ముత్యం అంతసేపూ ఓర్చుకొని, చివరికి, "ఎందుకట్ల ఒర్రుతున్నవ్ అయ్యగారూ? గొంతు పోతది" అన్నాడు. (నవ్వులు) మీరు నవ్వుతున్నారు, ఆరోజు నాకు నవ్వు రాలేదు. చెవులు రాలేదు. నేను మళ్లీ రెండు నెలలు ఆ గుమ్మం తొక్కలేదు.

డిసెంబరులో యాదవ్వ మళ్లీ వచ్చింది. ఈసారి చెవుల సంగతి అడగలేదు. "తిండి పోతలేదు అయ్యగారూ. పొద్దంత గోడ దిక్కు మొఖం పెట్టి కూసుంటుండు. ఇంట్ల తాడు కనబడితె గుండె దడదడమంటుంది. అన్నీ తీస్కపోయి పక్కింట్ల దాచిపెట్టిన" అంది. నేను ఓదార్చి పంపించి, క్రిస్మస్ ప్రసంగం రాసుకోవడానికి కూర్చున్నాను. నా భార్య మంజుల చాయ్ గ్లాసు బల్ల మీద పెట్టి, నేను రాసింది చూసి, "యాదవ్వ మొగుడు గట్ల కూసుంటె, నువ్వు గీడ కూసోని దేవుడు దిగొచ్చిండని రాస్తున్నవా?" అంది.

ఆ చాయ్ నేను తాగలేకపోయాను.

మర్నాడు ముత్యం పనిచేసిన షెడ్డుకు వెళ్లాను. ఆ చప్పుడులో మాట వినబడక, యజమాని హనుమండ్లు నాతో మాట్లాడటానికి బయటికి రావలసి వచ్చింది. "లోపల అందరం చెవిటోళ్లమే అయ్యగారూ, గందుకే చేతులతోని మాట్లాడుకుంటం" అన్నాడు. అప్పుడు నాకు తెలిసింది, ముత్యానికి భాష ఉంది, అది రానిది మాకు. ఆరోజు నుంచి రోజూ మధ్యాహ్నం షెడ్డులో కూర్చొని, కండెలకు దారం చుడుతూ, వాళ్ల చేతుల భాష నేర్చుకున్నాను. దారం తెగిందంటే ఒకలా, బొటనవేలు పెదవికి ఆనిస్తే చాయ్, మీసం మెలేస్తే యజమాని వస్తున్నాడని. ఇంట్లో భార్య కోపంగా ఉందని చెప్పడానికి కూడా ఒక సైగ ఉంది, అది ఇక్కడ చూపించను. (నవ్వులు)

రెండు వారాలకు ధైర్యం చేసి ముత్యం దగ్గరికి వెళ్లాను. గోడకూ ఆయనకూ మధ్య ఉన్న కాస్త చోటులో ఇరుక్కొని కూర్చున్నాను. చాయ్ తాగుదామా అని సైగ చేయబోయాను. బొటనవేలు పెదవికి ఆనించబోయి మీసం మెలేశాను. ముత్యం దిగ్గున లేచి, లుంగీ సర్దుకొని, యజమాని కోసం వాకిలి వైపు చూశాడు. ఎవరూ లేరు. నన్ను చూశాడు. సంగతి అర్థమై నవ్వాడు. గోడకు చేయి ఆనించుకొని, కళ్ల నీళ్లు వచ్చేదాకా నవ్వాడు. ఆ నవ్వు విని యాదవ్వ వంటింట్లోంచి పరుగెత్తుకొచ్చి, గడప మీదే కూలబడి ఏడ్చింది.

తర్వాత యాదవ్వ కూడా ఆ సైగలు నేర్చుకుంది, నాకన్నా తొందరగా. నేసిన బట్టలో తప్పులు పట్టే పని హనుమండ్లు ముత్యానికి ఇచ్చాడు. దానికి కళ్లు చాలు.

ఆ క్రిస్మస్‌కు ముత్యం చర్చికి వచ్చాడు. నేను నోటితోనూ చేతులతోనూ ప్రసంగం చెప్పాను. అయ్యాక నన్ను పక్కకు పిలిచి, "మీ దేవుడు పైనుంచే ఒక్క మాట అంటె అయిపోతుండె గద. గింత దూరం ఎందుకు దిగిండు?" అని అడిగాడు. నేను నేర్చిన వేదాంతమంతా చెప్పడానికి చేతులెత్తాను. ప్రేమ, మీరు పాయిరమనే ఆ మాటకు, షెడ్డులో సైగ లేదు. నా తిప్పలు చూసి యాదవ్వ ఆయన భుజం తట్టి, తన పెదవులు కనబడేలా ఒక్కో మాటే పలికింది. "పాయిరముంటె దూరం కూసోబుద్ధి అయితదా? అయ్యగారు నీ కాడికి ఎందుకొచ్చిండు మరి?"

ఇందులో నన్ను పొగడవద్దు. నేను సాయంత్రం కాగానే షెడ్డు నుంచి ఇంటికి వెళ్లి, స్నానం చేసి, నిశ్శబ్దంలో నిద్రపోయేవాణ్ణి. నేను నమ్మిన ప్రభువు అలా వెళ్లిపోలేదు. ఒక తల్లి కడుపున పుట్టి, వడ్రంగి పని చేసి, ఆకలికి ఓర్చి, స్నేహితుడు పోతే ఏడ్చి, మనలాగే నొప్పిపడి చచ్చిపోయేదాకా మనతోనే ఉన్నాడు. మళ్లీ లేచాడన్నది మా నమ్మకం. ముత్యం నాకు మిత్రుడే కానీ మా సంఘంలో చేరలేదు. ఎల్లమ్మ బోనానికి నన్ను పిలుస్తాడు, క్రిస్మస్ బిర్యానీకి నేను పిలవకుండానే వస్తాడు. (నవ్వులు) దేవుడు ఎవరు సంఘంలో చేరారో లెక్కపెట్టి ప్రేమించడని నాకు ఆయనవల్లే నమ్మకం కుదిరింది.

నన్ను భరించిన మీ అందరికీ, ఆరోజు ఆ ఒక్క మాట అన్న మంజులకు, కృతజ్ఞతలు. రంజిత్ గారూ, ప్రసంగం బాగా రాయండి, కానీ ముందు చెప్పులు వేసుకొని గడప దాటండి.

నిర్మల్‌లో ఉంటున్న మా అమ్మాయి సృజన తన దగ్గరికి వచ్చేయమంటోంది. పండుగలకు వెళ్తాం. సంఘం ఇచ్చిన బంగళాను శుక్రవారం ఖాళీ చేస్తాం, నేతవాడలో రెండు గదులు అద్దెకు తీసుకున్నాం. తలుపు తట్టకుండానే రండి. ఈ ప్రసంగపీఠం దగ్గర మాత్రమే నాకు సెలవు.