ఎదురుకాళ్ల వైద్యం

రామలింగప్పకు నడుం పట్టుకొని మూడు రోజులైంది. మగ్గం మీద పెండ్లి చీర సగంలోనే ఉండాది. ఎల్లుండికి దింపకుంటే పెండ్లికూతురు పాత చీరతో పీటల మీద కూచోవాల్సిందే. అందుకే వంగినవాడు వంగినట్టే కోడుమూరు టీకొట్టుకు వచ్చి, పరమేష్ ముందర బెంచీ పట్టుకొని నిలబడ్డాడు. పరమేష్ కర్నూలులో ఫిజియోథెరపీ చదువుతాండాడు. కాలేజీవాళ్లు మూడు వారాల చదువుకని ఇటలీకి పంపితే మొన్ననే తిరిగొచ్చినాడు. పైగా తాను ఎదురుకాళ్లతో, అంటే తలకు బదులు కాళ్లు ముందొచ్చి, పుట్టినోడినని చెప్పుకుంటాండాడు. అట్లా పుట్టినోళ్లు నడుం మీద తంతే ఎంతటి పట్టయినా ఇడుస్తుందని ఊర్లో నమ్మకం, రామలింగప్పకు మరీ శానా.

"తంతాలే మామా, ముందు ఇది ఇను," అన్నాడు పరమేష్. "ఆడ ఆస్పత్రిలో మా పనేమంటే, రోగులు ఎట్లా నడుస్తాండారో చూసి రాసుకునేది. నేను ఊరకుంటానా? ఒక ముసలామెకు నడుం పట్టింటే మెల్లగా ఒక్క తన్ను తన్నినా. లేసి, చేతికర్ర నాకే ఇచ్చి పాయ. ఆ తర్వాత ఏమైందో తెలుసా? పెద్ద డాక్టరే వచ్చి నా ముందర బోర్లా పండుకునె. మర్నాడు చూస్తే ఆస్పత్రి గేటు కాణ్ణించి బస్టాండు దాకా లైను. అందరూ బోర్లానే."

"బోర్లా పండుకుంటే లైను ఎట్లా జరుగుతాదప్పా?" అన్నాడు టీ వడగడుతున్న కొట్టు ఓనరు లేవి.

"పాకుతాండ్రి. అదీ వ్యాయామమే గదా."

"నాయనా, నా తన్ను..." అన్నాడు రామలింగప్ప.

"వస్తాండా మామా. ఆడ ఒరిగిపోయిన గోపురం ఒకటి ఉండాది. దానికి నడుం పట్టి వందల ఏండ్లాయ. ఊరోళ్లంతా బతిమాలితే కాలెత్తి ఒక్కటిచ్చినా. నిటారుగా నిలబడె."

"టీవీలో ఇప్పటికీ వంకరగానే చూపిస్తాండారే?" అన్నాడు లేవి.

"అదే చెప్తాండా. నిటారుగా ఉంటే చూసేకి ఎవరొస్తారని అంగళ్లోళ్లు ఒకటే ఏడుపు. పాపమనిపించి, అవతలి పక్క నుంచి ఇంకొకటి తన్ని మళ్లీ వంచి వచ్చినా."

రామలింగప్పకు గోపురం గొడవ పట్టలేదు, చీర దిగులే దిగులు. "గోపురానికి రెండు తన్నినావు, నాకు ఒక్కటి తన్నప్పా," అని బెంచీ మీదికి ఇంకా వంగినాడు. పరమేష్ చెప్పు ఇడిసి కాలెత్తినాడు.

"దించు కాలు," అంది టీలో బన్ను అద్దుకుంటున్న సుబ్బక్క. ఊర్లో సగం కాన్పులు ఆమె చేతి మీదుగా అయినవే. "నిన్ను బయటికి తీసింది నేను. ఎదురుకాళ్లతో పుట్టింది మీ అక్క శివలీల. నీకు ముందు నోరొచ్చింది, నువ్వు తర్వాత వచ్చినావు."

అంగడంతా ఘొల్లుమంది. అందరికంటే ఎక్కువ నవ్వింది రామలింగప్పే. పొట్ట పట్టుకొని ఊగిపోతాంటే నడుంలో యాడనో కటుక్కుమంది. భయం భయంగా లేసి చూసుకుంటే నిటారుగా నిలబడుండాడు. మధ్యాన్నమే మగ్గం గుంతలోకి దిగుతానన్నాడు.

పరమేష్ చెప్పు తొడుక్కున్నాడు. "చూసినారా? నవ్వించి నయం చేసే ఈ వైద్యాన్ని ఇటలీలో ఏమంటారో తెలుసా?"

"ఏమన్నా అననీ, చేసింది నేను," అంది సుబ్బక్క. "ఆ బోర్లా పండుకున్నోళ్ల లైనును మా ఇంటి దిక్కు తిప్పు."