పెళ్ళిపడవ వీధి, చేతులపాక

దేముడమ్మ అని ఒకావిడ ఉండేదంట మన పాతరేవులో. కల్లు అమ్మేది. ఆవిడ తోడికోడలు పైడమ్మ, ఆవిడా కల్లే అమ్మేది. అన్నదమ్ములు వేరుపడ్డాక వీళ్ళిద్దరూ రెండు పాకలు వేసుకున్నారనుకో. పెద్దావిడ పైడమ్మ పాక రేవుమెట్ల దగ్గర. చిన్నావిడ దేముడమ్మ పాక ఇటు దక్షిణంగా, ఒక సందు మొదట్లో. మీరు రోజూ నడిచే పెళ్ళిపడవ వీధి ఉంది చూడండి, ఆ సందే అది. అప్పటికి దానికి పేరే లేదు. నడుమ అడ్డు రాకండర్రా, ఈమధ్య మాట తప్పిపోతే మళ్ళీ దొరకడం లేదు నాకు.

ఏమైందంటే, మన ఏరు సముద్రంలో కలిసే మొగ ఉంది కదా, అది ఇరుకు. రెండు పక్కలా ఇసక మేట. లోపలికొచ్చే పడవకి దారి ఎలా తెలుస్తుంది? పైడమ్మ పాకకి సముద్రం వైపు గోడ సున్నం కొట్టి తెల్లగా ఉంటుంది, దాని వెనకాల ఒక ఎత్తు తాడిచెట్టు. కింద తెల్లగోడ, పైన తాటితల, ఈ రెండూ ఒక వరసలో కనబడేలా చుక్కాని పట్టేడంటే పడవ లోతులోనే వస్తుంది. అందుకని రేవులో ఒక కట్టు ఉండేదంట. సముద్రం వైపు గోడకి సున్నం పైడమ్మ పాకకే, తక్కినవాళ్ళంతా ఎర్రమట్టి మెత్తుకోవాల్సిందే. చంటిపిల్లకి కూడా తెలిసిన సంగతి. మరి ఏ గోడని చూసుకుంటూ గట్టెక్కేడో ఆ గోడ దగ్గరే కదా మనిషి మొదటి ముంత తాగుతాడు? పైడమ్మ పాక కిటకిటలాడేది, దేముడమ్మ పాకలో ఈగలు ముసిరేవి. ఆ కడుపుమంట దేముడమ్మకి ఉంది. ఉండదా మరి.

దేముడమ్మకి ఒక్కతే కూతురు, మసేనమ్మ. పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకు ఎల్లాజీ. వాళ్ళ ఊరు... ఉండండి, నోట్లోనే ఉంది. సరే, వస్తుందిలే. ఇద్దరూ తీర్థంలో ఒకళ్ళనొకళ్ళు చూసుకుని ఇష్టపడ్డవాళ్ళే. ముహూర్తం పున్నమి నాడు, మధ్యాహ్నం లోపు. అది తప్పితే ఇంక కుదరదు, ఎందుకంటే మర్నాడే ఎల్లాజీ మేనమామ దానయ్య తన పడవలన్నీ ఉత్తరానికి వలసవేటకి పంపించేస్తున్నాడు. పెళ్ళైనవాణ్ణయితే ఇంట్లో ఉండనిస్తాడు, లేకపోతే వాటితో పంపేస్తాడు. వెళ్ళినవాడు మళ్ళీ ఏడాదికి గానీ రాడు. ఏడాదిలో ఎవరి మనసు ఎటు తిరుగుతుందో ఎవరికి తెలుసు?

అలాంటప్పుడు దేముడమ్మ ఏం చేసిందనుకున్నారు? గుల్లలు కాల్పించి, సున్నం తీయించి, పెళ్ళికి ముందు సాయంత్రం సముద్రం వైపు గోడకి కొట్టించింది. మసేనమ్మ చూసి, అమ్మా, ఈ గోడకి సున్నమేటే, రేవులో ఊరుకుంటారా అంటే, పెళ్ళి మూణ్ణాళ్ళే కదే, తర్వాత మట్టి మెత్తేస్తాను, మీ అత్తారు పడవలోంచే చూడాలి మన ఇల్లెలా ఉందో, ఎప్పుడూ మీ పెద్దమ్మ గోడేనా కనబడాల్సింది అందంట. దేముడమ్మ పాక వెనకాల కూడా ఒక తాడిచెట్టు ఉంది. ఆ సంగతి ఆవిడకి తట్టనే లేదు. రోజూ ఆ చెట్టు కల్లే అమ్ముతోంది, అయినా తట్టలేదు.

పున్నమి పొద్దున పెళ్ళివారి పడవ వచ్చింది. గెడ్డపేట! ఇదిగో, వచ్చింది పేరు, గెడ్డపేట వాళ్ళది. దానయ్యే చుక్కాని పట్టేడు. పొద్దు ఎదురుగా కొట్టి కొత్త గోడ అద్దంలా మెరుస్తోంది, వెనకాల తాడిచెట్టు. ఇంకేం, అదే గుర్తు అనుకుని అటే తిప్పేడు. మంచి పోటు మీద ఉంది నీరు. పడవ ఇసక మేటని రాసుకుంటూ వస్తే, కెరటం దాన్ని మోసుకొచ్చి సరిగ్గా సందు మొదట్లో పడేసింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. డోలు వాయించేవాడు మాత్రం డోలు మీదే బోర్లా పడ్డాడంట, లడ్డూల గంప వాడి మీద పడిందంట.

అందరూ దిగేరు, ఎల్లాజీ తప్ప. దిగబోతుంటే దానయ్య చెయ్యి అడ్డం పెట్టేడు. ఒరే, ఇసక కరిచిన పడవలోంచి పసుపుబట్టలవాడు దిగకూడదు. పోటొచ్చి పడవ లేవాలి, రేవుమెట్లకి తాకాలి, అప్పుడు దిగాలి, తాతలనాటి కట్టు అన్నాడు. మళ్ళీ ఇంత పోటెప్పుడు అన్నయ్యా అని దేముడమ్మ అడిగితే, అమావాస్యకి అన్నాడు. అంతే, దేముడమ్మ ఇసకలో కూలబడింది. ఎల్లాజీ పాపం బాసికం కట్టుకుని, కాళ్ళు ముడుచుకుని, మసేనమ్మ వైపు చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు వచ్చింది పైడమ్మ. జనమంతా పక్కకి తప్పుకున్నారు, ఇప్పుడు చూడాలి ఈ తోడికోడళ్ళ తమాషా అని. పైడమ్మ గోడ దగ్గరికెళ్ళి వేలితో గీకి చూసింది.

"గుల్ల సున్నమేనా?"

"అవునక్కా."

"నా గోడకన్నా తెల్లగా కొట్టేవే. సరేలే, వేటపడవలు తిరిగొచ్చే వేళైంది. ముందు దీన్ని కప్పు. ఏడుపు తర్వాత ఏడుద్దువుగాని."

దేముడమ్మ లేచింది. కొత్తచీర కుచ్చెళ్ళు దోపుకుని, ఎర్రమట్టి కలిపి, చేతుల్తోనే మెత్తడం మొదలెట్టింది. పక్కనే పైడమ్మ. పేరంటానికొచ్చిన ఆడవాళ్ళు కూడా పళ్ళేలు కింద పెట్టి చేతులు కలిపేరు. అలకడానికి తీరికెక్కడిది, ఎవరి అరచెయ్యి పడ్డచోట వాళ్ళ ముద్ర పడింది. గోడ నిండా చేతులే. తెలుపు పోయిందో లేదో, మొగలో తెరచాపలు కనబడ్డాయి. ఒక్కొక్క పడవా పైడమ్మ గోడ చూసుకుని నేరుగా రేవుమెట్లకి వచ్చేసింది.

అంతా ఊపిరి పీల్చుకున్నారు గానీ, పొద్దు నడినెత్తికి ఎక్కుతోంది. దేముడమ్మ మట్టిచేతుల్తోనే దానయ్యకి దండం పెట్టింది. నీ తప్పుకి నేను కట్టు తప్పనా చెల్లెమ్మా అన్నాడు వాడు. అప్పుడు మసేనమ్మ నోరు విప్పింది.

"మావా, ఆయన్ని దిగొద్దన్నారు మీ తాతలు. నన్ను ఎక్కొద్దన్నారా?"

దానయ్య గెడ్డం గోక్కున్నాడు. చాలాసేపు గోక్కున్నాడంట. "అలాగని ఎవరూ అన్లేదే" అన్నాడు.

అనడం తరువాయి, పైడమ్మ వంగి తన భుజం ఇచ్చింది, మసేనమ్మ దాని మీద కాలేసి పడవెక్కేసింది. తెరచాపే పందిరి, తడి తాడే తోరణం. డోలు పగిలిపోయింది కదా, డోలువాడు పడవ చెక్క మీద వాయించేడు. ముహూర్తం దాటకుండా తాళి పడింది.

దేముడమ్మ గోడని ఆ చేతుల్తోనే ఉంచేసేరు. చూడ్డానికి జనం, చూసినవాళ్ళకి దాహం. తెల్లగోడ తేలేని బేరం మట్టిగోడ తెచ్చిందనుకో. చేతులపాక, చేతులపాక అని ఆ పేరే నిలిచింది. ఏటా పెళ్ళైన కొత్తకోడళ్ళందరూ వచ్చి ఆ గోడ మీద ఒక చెయ్యి వేసేవారంట.

మరి పెళ్ళికొడుకు? తాళి కట్టినంత మాత్రాన కట్టు పోదు కదా. అమావాస్యదాకా కాపురం సందులో పడవలోనే. వచ్చేపోయేవాళ్ళందరూ తెరచాప ఎత్తి, ఏం అల్లుడూ, కూరేంటి అని అడగడమే. అమావాస్య పోటుకి పడవ లేచింది, జనమంతా తోసేరు, రేవుమెట్లకి తాకింది. దానయ్య దిగరా అన్నాడు. ఎల్లాజీ దిగేడు. మసేనమ్మ దిగదే! ఇంకో పోటు చూద్దాం మావా, తొందరేముంది అందంట. ఆవిడ తప్పేం లేదులెండి. అన్నం అమ్మ తెచ్చిస్తుంది, మొగుడు కదలకుండా కళ్ళెదురుగానే ఉంటాడు, అత్తగారు గట్టు మీదే ఆగిపోతుంది. నేనైనా దిగేదాన్ని కాదు.